అమ్మ అడిగిన తేడా

లంచ్ రూమ్‌లో సందడి ఒక్కసారిగా తగ్గింది. అవని తల తిప్పి చూసింది. ఫస్ట్ గ్రేడ్ పిల్లల టేబుల్ దగ్గర మేసన్ అనే అబ్బాయి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. వాడి పక్కన, డ్యూటీలో ఉన్నవాళ్లు వేసుకునే ఆరెంజ్ రంగు వెస్ట్‌తో అవని వాళ్ల అమ్మ నిలబడి ఉంది.

అమ్మ పేరు శ్రుతి. ఆ స్కూల్లో లంచ్ ఎయిడ్‌గా చేరి నాలుగు రోజులైంది. పిల్లల డబ్బాల మూతలు తీసివ్వడం, ఒలికినవి తుడవడం, కొట్టుకుంటే విడదీయడం ఆమె పని. వచ్చే శుక్రవారం దాకా చూసి, బాగా చేస్తే ఉంచుకుంటామని సూపర్‌వైజర్ మిసెస్ కార్సన్ చెప్పారు. దేశం విడిచి ప్లెయిన్స్‌బరోకి వచ్చిన పదకొండేళ్లకు అమ్మకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

"ఆ కొత్త ఆవిడ వాణ్ణి తిట్టింది," అంది పక్కనే కూర్చున్న తార. తార ఈ ఏడే టెక్సాస్ నుంచి వచ్చి అవని క్లాసులో చేరింది. ఆవిడ అవని వాళ్ల అమ్మ అని తారకు తెలియదు.

ఏమని తిట్టిందని అవని అడిగింది.

"'వాట్స్ యువర్ ప్రాబ్లమ్' అంది. ఏడుస్తున్న చిన్నపిల్లాణ్ణి ఎవరైనా అలా అంటారా? షి ఈజ్ సో మీన్."

ఆవిడ మా అమ్మ అని చెప్పాలనుకుంది అవని. కానీ చెప్పకుండానే టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది.

తప్పు ఎవరిదో అవనికి తెలుసు. నిన్న సాయంత్రం తను టాబ్లెట్‌లో గేమ్ ఆడుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చిన్నపిల్లలు ఏడుస్తుంటే 'వాట్స్ రాంగ్' అనాలా, 'వాట్స్ యువర్ ప్రాబ్లమ్' అనాలా అని అడిగింది. అవని తల ఎత్తలేదు. రెండూ ఒకటేలే అంది. నిజంగా తేడా లేదా అని అమ్మ మళ్లీ అడిగితే, లేదన్నాగా అని విసుక్కుంది.

స్కూలు అయ్యాక ఇంటికి వెళ్లేసరికి అమ్మ సోఫాలో కూర్చుని ఉంది. వెస్ట్ ఇంకా విప్పలేదు. మిసెస్ కార్సన్ పక్కకు పిలిచి మాట్లాడారట. మేసన్ వాళ్ల ఇంటికి ఫోన్ చేయాల్సి వచ్చిందట.

"రేపు నేనే వెళ్లి మానేస్తానని చెప్పేస్తా," అంది అమ్మ. "వాళ్లు పొమ్మనేదాకా ఎందుకు? నేనేం తప్పు మాట్లాడానో కూడా తెలీట్లేదే. ఏమైందనే కదా అడిగాను."

అవని బ్యాగ్ కింద పెట్టింది.

"అమ్మా, ఆ రెండూ ఒకటి కాదు. నేను సరిగా వినకుండా చెప్పేశాను."

"మరి తేడా ఏంటి?"

"నేను ఊరికే గొణుగుతుంటే నువ్వు 'ఇప్పుడు నీ బాధేంటే' అంటావు కదా. 'వాట్స్ యువర్ ప్రాబ్లమ్' అంటే అలా ఉంటుంది. 'వాట్స్ రాంగ్' అంటే, నాకు జ్వరం వచ్చినప్పుడు 'ఏమైంది నాన్నా' అంటావే, అలాగ."

అమ్మ ముఖం మారిపోయింది. "అయ్యో, అంత చిన్న పిల్లాణ్ణి అలా అన్నానా?"

తర్వాత కూతురి వైపు చూసింది. గొంతు పెంచలేదు. "నేను నిన్ను సరదాకి అడగలేదు అవనీ."

అవని తల దించుకుంది. అమ్మ తిట్టి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదనిపించింది.

మానేసే మాట పక్కన పెట్టి, ఆ సాయంత్రం ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. పిల్లల్ని కూర్చోమనడానికి, ఆగమనడానికి, అది చేయకూడదని చెప్పడానికి ఏ మాట ఎలా వినిపిస్తుందో అమ్మ అడిగింది. అవని ప్రతి మాటా ఒకసారి పైకి అని చూసి, అప్పుడు చెప్పింది. రెండు మాటల గురించి మాత్రం తనకు తెలియదని, టీచర్‌ని అడిగి చెప్తానని అంది.

మర్నాడు లంచ్ బెల్ మోగగానే అవని నేరుగా మిసెస్ కార్సన్ దగ్గరికి వెళ్లింది. అమ్మ తనను ముందే అడిగిందని, తనే తప్పు చెప్పిందని, అమ్మ నిన్న మానేస్తానందని చెప్పింది. ఆవిడ చేతులు కట్టుకుని అంతా విన్నారు. శుక్రవారం దాకా మానొద్దని మీ అమ్మకు చెప్పు అన్నారు. ఆపైన, "కానీ ఇదంతా మేసన్‌కి తెలీదు కదా," అన్నారు.

అవని ఫస్ట్ గ్రేడ్ టేబుల్ దగ్గరికి వెళ్లింది. ఆ బెంచీ మీద కూర్చుంటే మోకాళ్లు టేబుల్‌కి తగిలాయి. నిన్నటి ఆంటీ కోప్పడలేదని, నీకు ఏమైందో తెలుసుకోవాలనుకుందని మేసన్‌కి చెప్పింది. వాడు నమ్మినట్టు కనిపించలేదు. చేతిలో ఉన్న పీచ్ ముక్కల కప్పు చూపించాడు. దాని మూత రావడం లేదు. నిన్న కూడా రాలేదట.

అవని కప్పు అందుకోబోయి ఆగింది. అమ్మ గోడ పక్కన నిలబడి ఇటే చూస్తోంది. దగ్గరికి రావడానికి జంకుతోంది. అవతలి టేబుల్ నుంచి తార కూడా చూస్తోంది.

"అమ్మా," అని అవని గట్టిగా పిలిచింది. "మేసన్‌కి హెల్ప్ కావాలంట, రా."

సగం లంచ్ రూమ్ తల తిప్పింది. అమ్మ వచ్చి మేసన్ ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, "వాట్స్ రాంగ్, మేసన్?" అని అడిగింది.

వాడు ఒక్క క్షణం ఆమెను చూసి, కప్పు తీసి ఆమె చేతిలో పెట్టాడు.