ఓస్టియా వీధిలో పద్మజ

మార్కాపురంలో మురళీధర్ మూడు వారాలు కష్టపడి కట్టిన వీధిని పద్మజ మొదటి వీడియో కాల్‌లోనే తీసిపారేసింది.

అతను కట్టింది కంప్యూటర్‌లో. రోమ్ పక్కన రెండువేల ఏళ్ల కిందటి రేవుపట్టణం ఓస్టియాను ఒక మ్యూజియం కోసం త్రీడీలో మళ్లీ నిలబెట్టే పని. హైదరాబాద్ కంపెనీ ఇస్తే, మురళి తన నాయన పలకల ఫ్యాక్టరీ మేడమీద కూర్చుని చేస్తుండేవాడు. చరిత్ర చదివిన పద్మజ కంపెనీ తరఫున తప్పులు పట్టేది.

"గోడలు బాగుండాయి. బండ్లు తిరిగిన రోడ్డు ఇంత నున్నగా ఉంటాదా? మనుషులేరీ?"

ఆ యాస విని మీది ఏ ఊరని అడిగినాడు. గిద్దలూరంట. మార్కాపురానికి గంటన్నర దూరం.

ఇంక రోజూ కొట్లాటే. రొట్టెల దుకాణం అరుగు ఎంత ఎత్తుండాలని రెండు రోజులు వాదించుకున్నారు. ఓడిపోయి కూడా మురళి ఆ పూటంతా నవ్వుకుంటూ తిరిగినాడు.

తర్వాత కొలతల కోసం పద్మజను ఆర్నెల్లు ఓస్టియాకే పంపించినారు. వానకు తడిసిన రాళ్ల ఫోటో ఆమె పంపితే, మురళి తన వీధిలోనూ వాన కురిపించినాడు. ఆమె నడిచే దారుల్లోనే స్క్రీన్ మీద రోజూ తిరిగేవాడు. ఎంత తిరిగినా ఆమె ఎదురుపడదు కదా.

ఐదో నెలలో, అక్కడే మూడేండ్లు ఉద్యోగం ఇస్తామంటున్నారని చెప్పింది పద్మజ.

"నేను ఉండిపోతే మీకెట్ల ఉంటాది?"

మంచి అవకాశం, వదులుకోవద్దన్నాడు మురళి. ఆ రోజు నుంచి ఆమె ఫోన్లు ఆగిపోయినాయి. పని మాటలన్నీ మెయిల్లోనే.

వీధిలో మనుషుల్ని కూడా పెట్టి చివరి చెకింగ్‌కు ఫైలు పంపిన రోజు మధ్యాహ్నం పద్మజ ఫోన్ చేసింది.

"రొట్టెల దుకాణం ముందర నడుం మీద చెయ్యి పెట్టుకుని కొట్లాడుతోందే, ఆమె ఎవరు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మీరే."

"మరి ఆ రోజు ఉండిపొమ్మన్నారేంది?"

"వచ్చెయ్యమంటే మీ దారికి అడ్డం పడతానేమో అనుకున్నా."

"నేను సలహా అడగలేదు మురళీ. నీకెట్ల ఉంటాదని అడిగినా."

ఆమె నువ్వు అనడం అదే మొదలు.

"ఊరంతా కట్టినా పద్మజా. నువ్వు లేకుంటే అందులో ఉండబుద్ధి కావట్లేదు."

మూడేండ్లు కాదు, ఒక్క ఏడాదికే ఒప్పుకుంటానని, ఈలోపు గిద్దలూరులో తన నాయనతో పెళ్లి మాట మాట్లాడమని చెప్పింది పద్మజ.

మురళి మెట్లు దిగి, తన నాయన హనుమంతరావుకు అంతా చెప్పినాడు. ఆయన చేతులకంటిన పలకల దుమ్ము దులుపుకుంటూ విన్నాడు.

"ఏడాదంటే తక్కువేం కాదురా. ఉండగలవా?"

"కష్టమే నాయనా."

"సరే, ఆదివారం గిద్దలూరు పోదాం," అన్నాడాయన.