వెనక నిలబడి చూసినాయన

వెంకటగిరియప్ప తాతను చంపింది లారీ కాదు, నేను. ఈ మాట ఇంతవరకూ నా నోట పైకి రాలేదు.

పీణ్య పారిశ్రామికవాడలో లేతు మిషన్ల షెడ్డు పక్కన నాదొక చిన్న కొట్టు. బండ్లకు వైరింగు చేస్తాను. తొమ్మిదో తరగతితో బడి మానేసి, పాత హారన్లు విప్పి బిగించి, నాకు నేనే నేర్చుకున్న పని. ఈ ఏడు, 2008లో, అందరికీ ఎల్‌ఈడీ పిచ్చి పట్టింది. తాత కూడా కొత్తిమీర మోసే తన ముసలి మెటాడోర్ వ్యాను తెచ్చి నిలిపాడు.

"బయటి లైట్లన్నీ మార్చేయమ్మా. బ్యాటరీని తాగేస్తా ఉండాయి."

"ఏమప్పా, ఆ పాప చేతిలో పెట్టినావా బండి? గుండె ధైర్యమే నీకు!" లేతు షెడ్డులోంచి ఎవరో అరిచారు. నవ్వులు.

పాత బల్బుకు వైర్లు ఎటు కలిపినా వెలుగుతుంది. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు. ఇది నాకు తెలుసు. కుళ్ళిన వైర్లు మారుస్తూ, చెవులు ఆ నవ్వుల మీద పెట్టి, తెలిసిందే మరిచి, బ్రేకు లైట్ల వైర్లు తారుమారుగా కలిపాను.

పనయ్యాక సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాను. తాత వెనక నిలబడ్డాడు.

"లేదమ్మా."

మళ్ళీ తొక్కాను.

"లేదు తల్లీ. ఎలగలే."

లేతు మిషన్లు ఆగాయి. అందరూ మావైపే చూస్తున్నారు.

"ఎండలో కనబడదు తాతా. పని నాకొచ్చా, నీకొచ్చా?"

"అట్లనా... సరేలే. సదువుకున్నదానివి." విప్పిన పాత బ్రేకు బల్బులు రెండూ కాగితంలో చుట్టి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడోనాడు తుమకూరు రోడ్డులో ఆయన బ్రేకు వేస్తే, వెనకొచ్చే లారీ గుద్దేసింది.

లారీ డ్రైవరు అంజి జైల్లో ఉన్నాడు. ముందు బండికి బ్రేకు లైటు వెలగలేదని మొత్తుకున్నాడట. వ్యాను వెనక భాగం నుజ్జునుజ్జయింది, చూపించడానికి లైట్లే మిగల్లేదు. అతని భార్య ఓబులమ్మ చంకలో బిడ్డతో నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నువ్వేసిన లైట్లు ఎలిగినాయా అక్కా? నిజం చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా."

"వెలిగాయి. తాతే వెనక నిలబడి చూశాడు."

చచ్చినాయన్ని సాక్షిగా నిలబెట్టాను. ఆమె నా బల్బుల అట్టపెట్టె మీద తన ఫోన్ నంబరు రాయించి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

నిన్న సాయంత్రం వాన. కరెంటు పోయింది. లేతు షెడ్డు వాళ్ళు తొందరగా వెళ్ళిపోయారు. రేకుల మీద చినుకుల మోత, కాలిన ఆయిల్ వాసన. ఒక పాత జీపుకు బ్రేకు లైట్లు మార్చి, సీట్లో కూర్చుని తొక్కాను. చూసిపెట్టే మనిషి లేనప్పుడు వెనక గోడను అద్దంలో చూసుకుంటాను. గోడ ఎర్రబడింది. బాగానే ఉంది.

అప్పుడు కొత్తిమీర వాసన వచ్చింది. తడి కొత్తిమీర.

"లేదమ్మా."

గుసగుసగా... బండి వెనక నుంచే.

కాలు తీయలేకపోయాను. అద్దంలో గోడంతా ఎరుపు. మధ్యలో, ఒక మనిషంత మేర, ఎరుపు పడలేదు...

"తాతా?"

"లేదనే కదమ్మా చెప్పినా..."

కాలు జారింది. చీకటి.

కరెంటు వచ్చేదాకా అట్లాగే కూర్చుని, తర్వాత దిగాను. ఎవరూ లేరు. బంపరు మీద ఒక కాగితం పొట్లం. విప్పితే రెండు పాత బల్బులు. ఆయన జేబులో వెళ్ళినవి. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఇప్పుడే ఆర్పినట్టు.

చెబితే నా కొట్టు పోతుంది. పోలీసులు వస్తారు. లేతు షెడ్డు వాళ్ళు నవ్వుతారు, మేం ముందే అన్నాం కదా అని. నవ్వనీ.

నంబరున్న అట్టపెట్టె ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఓబులమ్మకు ఫోన్ చేస్తాను. ఈ వాక్యం అయిపోగానే చేస్తాను.

పొట్లం దొరికి ఒక రాత్రి, ఒక పగలు గడిచాయి. బల్బులు ఇంకా చల్లారలేదు.