పంపులోంచి తట్టేవాడు

చీకటి పడ్డాక మూడో పంపు హౌస్ పక్కగా వెళ్లకూడదని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఉత్తర అంటారియోలో చలికాలం చీకటి నాలుగు దాటగానే పడుతుంది. అంటే మిల్లు షిఫ్టు దిగినవాడెవడూ అటు వెళ్లకూడదన్నమాట. నది ఒడ్డున ఒంటరిగా ఉంటుంది ఆ కొట్టం. కాగితం మిల్లుకి నీళ్లు తోడే పంపు తప్ప అందులో ఏమీ లేదు. కానీ ఆ పంపులోంచి ఎవరో తడతారు...

డోనట్ల కొట్టు గాస్తోన్ అయితే ఆ తట్టే చేతి గోళ్లు కూడా చూశానంటాడు. గాస్తోన్ తన కౌంటరు దాటి బయటికొచ్చి ఏళ్లయింది. అయినా చూశాడు.

తట్టేది రెయ్యో అని ఊరి నమ్మకం. బతికుండగా ఆ పంపు మెకానిక్కు అతనే. భార్య ఐలీది వేరే పని. మిల్లులో ప్రతి యంత్రానికీ అంటించిన సెన్సర్లు దాని అదురును పట్టి, ఆమె వంటింటి బల్ల మీది కంప్యూటర్‌కి గీతగా పంపుతాయి. గీత ఎగిరిందంటే యంత్రానికి జబ్బు. అలారం మోగుతుంది. ఐలీ చెబితే మిల్లువాళ్లు దాన్ని ఆపి విప్పుతారు.

సెన్సర్ బతికుందో లేదో చూడాలంటే మెకానిక్కు దాని పక్కన రెంచితో తడతాడు. ఇవతల గీత కదిలితే బతికున్నట్టు. రెయ్యో ఈ అలవాటును కాపురానికి వాడుకున్నాడు. షిఫ్టు దిగేముందు పంపు మీద తట్టేవాడు. టక్... టక్... టకటక. బయల్దేరుతున్నా, సూప్ పెట్టు — అని.

"ఫోన్ చెయ్యొచ్చుగా?" అనేది ఐలీ.

"ఫోన్‌లో అయితే మాట్లాడాలిగా" అనేవాడు. ఫిన్లాండు నుంచి వచ్చిన వీళ్లలాంటి కుటుంబాల్లో మాటలు పొదుపే. ఇతనిది పిసినారితనం.

కిందటి మార్చిలో ఒక సాయంత్రం కూడా తట్టాడు. గీత కదిలింది. ఐలీ బఠాణీ సూప్ పొయ్యి మీద పెట్టింది. అతను దగ్గర దారని మంచు బండి మీద గడ్డకట్టిన నది మీదికి దిగాడు. మంచు అప్పటికే పలచబడింది...

సూప్ అడుగంటాక గాని ఆమె పొయ్యి ఆపలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం, షిఫ్టు దిగే వేళ, గీత కదిలింది.

టక్... టక్... టకటక.

అలారం మోగింది. ఐలీ చాలాసేపు తెర వైపు చూసింది. తర్వాత అలారం ఆపేసి, 'చూశాను, ఏమీ లేదు' అని టైపు కొట్టింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

అన్న పోయాక ఆ పంపు తమ్ముడు తౌనో చేతికొచ్చింది. ఓ రోజు బూట్ల మంచు కూడా దులుపుకోకుండా వదిన వంటింట్లోకి వచ్చి, గుసగుసగా అన్నాడు —

"వదినా... లోపల ఎవరో ఉన్నారు."

"ఎలకలేమో."

"ఎలకలకి అన్నయ్య తట్టుడు ఎవరు నేర్పారు?"

ఐలీ అతనికి సూప్ పోసింది.

రోజులు గడిచేకొద్దీ తట్టుడు పెరిగింది. గట్టిగా... దగ్గర దగ్గరగా... సాయంత్రమనే కాదు, ఏ వేళపడితే ఆ వేళ. దెయ్యానికి కోపం వచ్చిందన్నారు. రెయ్యో వాడుకోని సెలవులు మిల్లువాళ్లు మింగేశారని, అందుకే ఆ కోపమని గాస్తోన్ తేల్చాడు. కాఫీ తాగేవాళ్లంతా తలలూపారు.

ఒక సాయంత్రం గీత తెర పైఅంచుకి కొట్టుకుంది. ఐలీ ఫోన్ తీసింది.

"తౌనో! ఎక్కడున్నావు?"

గుసగుస. "అన్నయ్య దగ్గర."

పాత మెకానిక్కుల్లా స్క్రూడ్రైవర్ కొన పంపుకి ఆనించి, పిడికి చెవి పెట్టి వింటున్నాడట.

"ఏదో చెప్పాలని చూస్తున్నాడు వదినా... ఎంత గట్టిగా తడుతున్నాడో..."

"పంపు ఆపు. పక్కకి రా."

"ఆపితే మళ్లీ తడతాడో లేదో —"

"అన్నయ్య లేడురా!" ఐలీ అరిచింది. ఆమె అరవగా ఎవరూ వినలేదు అంతకుముందు. "అది బేరింగు. లోపల గుండు పగిలింది. ఇంకాసేపు తిరిగితే ముక్కలై నీ మొహాన పడుతుంది. ఆపు!"

ఫోన్‌లో పంపు మూలుగు సన్నబడింది. టక్... టక్...

ఆగిపోయింది.

తౌనో గొంతు వినబడింది. "వదినా... నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి సాయంత్రమే."

గీత చూడగానే తెలిసింది. షిఫ్టు దిగే వేళ పంపు వేగం తగ్గిస్తారు; నెమ్మదిగా తిరిగేటప్పుడు పగిలిన గుండు అలా తడుతుంది. ఆ పని ఆమెకి కొత్త కాదు. ఇవాళ్టికి ఉండనిద్దాం అనుకుంది. మర్నాడు కూడా అదే అనుకుంది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే బాగుచేసేవాడివి" అంది ఐలీ.

కొత్త బేరింగు వేశారు. గీత ఇప్పుడు గడ్డకట్టిన నదిలా నున్నగా ఉంటుంది. గాస్తోన్ కొన్నాళ్లు దిగులుపడి, దెయ్యాన్ని పాత రైలు స్టేషన్‌కి మార్చాడు. చీకటి పడ్డాక కూడా జనం పంపు హౌస్ పక్కగా మామూలుగా నడుస్తున్నారు.

ఐలీ మాత్రం అటు వెళ్లదు. అక్కడ దెయ్యం లేదని భయపడే మనిషి మా ఊళ్లో ఆవిడ ఒక్కతే.