ఏడో పిలుపు

మా ఊరి బడికి చీకటిపడ్డాక దెయ్యాలు వస్తాయంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మాంసం కొట్టువాడూ అలాగే నవ్వాడు. "దొరికితే కిలోల లెక్కన అమ్మేస్తా" అని కత్తి పట్టుకుని మరీ వెళ్లాడు. తర్వాత మూడు రోజులు దుప్పట్లోంచి బయటికి రాలేదు.

వాడు చెప్పిందేమిటంటే — వెనక గేటు వైపు నుంచి చాలామంది నడిచొస్తున్న చప్పుడు. తర్వాత మూల గదిలో ఎవరో గుసగుసగా పేర్లు పిలవడం... ఒక్కొక్కరూ "ఉన్నా" అనడం. తీరా తెల్లారి మేం వెళ్లి చూస్తే బురదలో ఒక్క మనిషి అడుగులే!

ఆ గదికి చెడ్డపేరు ఊరికే రాలేదు. యుద్ధం రోజుల్లో తుపాకులవాళ్లు పిల్లల్ని పట్టుకుపోయింది అక్కణ్ణుంచే. తలుపు కూడా అప్పుడే విరిగింది. మళ్లీ ఎవరూ బాగుచేయలేదు.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. అక్క ఆ బళ్లో ఆయా. ఊడ్చేదీ, తాళాలు వేసేదీ, గంట కొట్టేదీ తనే. ఆ రోజు తుపాకులవాళ్లు వచ్చి "గంట కొట్టు" అన్నారు. కొట్టింది. గంట వినగానే వరసలో నిలబడాలని పిల్లలకి నేర్పింది కూడా తనే. పాపం, బుద్ధిగా నిలబడ్డారు. పొడుగ్గా ఉన్నవాళ్లని ఏరి, ఆ మూల గదిలో కుక్కి, అక్కణ్ణుంచి తీసుకుపోయారు.

వాళ్లలో అక్క కొడుకొకడు. అప్పటికి పదకొండేళ్లవాడు. నాలుగు మెతుకులు కతికి లేచిపోయేవాడని "పిచ్చుక" అని పిలిచేవాళ్లం. వాణ్ణి తీసుకుపోయి నాలుగేళ్లయింది. బతికున్నాడో లేదో చెప్పిన నాథుడు లేడు.

దెయ్యాల మాట విని ఊరంతా తలుపులు బిగించుకుంటే, అక్క తాళాల గుత్తి అందుకుంది.

"వద్దక్కా..." అన్నాను.

"దెయ్యమైనా సరేరా తమ్ముడూ... మావాడు వచ్చి ఉంటే నేను చూడొద్దూ?"

ఇక్కణ్ణుంచి అక్క నాతో చెప్పిందే చెబుతున్నాను.

దీపం తీసుకెళ్లలేదు. మూల గది బయట గోడకి ఆనుకుని నిలబడింది. చాలాసేపటికి... అడుగుల చప్పుడు. దగ్గరికొచ్చింది. గదిలోకి వెళ్లింది. ఆగింది.

గుసగుస మొదలైంది. ఒక పేరు... "ఉన్నా." ఇంకో పేరు... "ఉన్నా." అలా ఆరు పిలుపులు అయ్యాయి. కాస్త ఆగి —

"పిచ్చుక."

అక్క గోడ వదిలి గుమ్మంలోకి వచ్చింది.

"ఉన్నా."

"నాన్నా!" అంటూ లోపలికి పరుగెత్తి అగ్గిపుల్ల గీసింది.

ఆరుగురు పిల్లలు... బల్లల కింద, తలల మీద చేతులు పెట్టుకుని. దెయ్యాలు కావు. సర్కారువాళ్లు యుద్ధం నుంచి విడిపించి తెచ్చి, బడి వెనక షెడ్డులో ఉంచిన పరాయి ఊళ్ల పిల్లలు. తుపాకులు పట్టిన చేతులు మా పిల్లల పక్కన వద్దని ఊరు కాగితం రాసిస్తే, పగలు బడి గడప తొక్కనివ్వని పిల్లలు. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది. దాచి ఏం లాభం?

అక్క ఒక్కో మొహమూ చూసింది. అగ్గిపుల్ల వేలు కాల్చింది. వాడు లేడు.

"పిచ్చుక ఏడిరా?"

అందరిలో పొడుగువాడు చీకట్లోంచి అన్నాడు — "వాడి బదులు నేను పలికానమ్మా..."

తుపాకులవాళ్ల దగ్గర రాత్రి పేర్లు పిలిచాకే పడుకోనిచ్చేవారట. ఒకడు తగ్గితే వేటాడటానికి బయల్దేరేవారట. అందుకని ఎవడైనా పారిపోతే, వాడు ఇల్లు చేరేదాకా మిగతావాళ్లు వాడి పేరుకి పలకాలని పిల్లలంతా ఒట్టు వేసుకున్నారు. ఇప్పటికీ ఆ పిలుపులు కాందే వాళ్లకి కన్ను అంటుకోదు. నడకా అంతే — నేలలో మందుపాతరలుంటాయని ముందువాడి అడుగులోనే వెనకవాడు అడుగు వేయడం. మా ఊరిని వణికించిన ఒక్క జత అడుగులు అవే.

"వాడు పారిపోయి రెండేళ్లమ్మా. చేరాడో లేదో తెలీదు. వాళ్లమ్మ బళ్లో గంట కొడుతుందట. నీ తప్పు కాదమ్మా అని చెప్పడానికి వెళ్తున్నానన్నాడు."

అక్క చేతిలో తాళాలు గలగలమన్నాయి. కుర్రాడు ఆ చప్పుడు వైపు తిరిగాడు.

"మీరేనా...? వాడు... రాలేదా?"

"వస్తాడు" అంది అక్క. "వాడి పేరుకి ఇకనుంచి నేను పలుకుతాను. మీరు పడుకోండి నాయనా."

మర్నాడు అక్క గంట కొట్టలేదు. ఆరుగుర్నీ ఒక్కొక్కరిగా చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు బల్లల మీద కూర్చోబెట్టింది. ఎవరైనా లేపుతారేమోనని సాయంత్రందాకా గుమ్మంలోనే నిలబడింది. నేను వెళ్లి నా సంతకం కొట్టేశాను. దర్జీని కదా, వాళ్లకి బడి బట్టలు నేనే కుట్టాను. కొలతలకి టేపు తీశానో లేదో, ఆరుగురూ చేతులు పైకెత్తేశారు. ఆ రోజు నేను ఏడ్చినంత ఎప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు వాళ్లు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. బురదలో ఆ అడుగులు లేవు. అయినా చీకటిపడితే బడివైపు ఎవరూ వెళ్లరు. కొత్తగా ఆడదెయ్యం చేరిందంటారు. మాంసం కొట్టువాడు ఒట్టేసి చెబుతాడు — ఒక్క పేరే పిలుస్తుందట. చాలాసేపు ఆగుతుందట... ఆ తర్వాత తనే "ఉన్నా" అంటుందట.

నేనేమీ అనను. అక్క ఇంటికి వచ్చేదాకా తలుపు గడియ పెట్టకుండా కూర్చుంటాను.