అమ్మాయి చేతిలో వరద

"మళ్లీ లెక్కపెట్టండి కాంపౌండరు గారూ! పొద్దున్న నాడి అరవై ఎనిమిది, ఇప్పుడు ఎనభై రెండా? నా పిల్ల నాకు దక్కుతుందా?"

లాజరు జేబు గడియారం మూశాడు. "దక్కుతుందండి. అన్నం తిన్నాక ఎవరికైనా పెరుగుతుంది."

అంత నిదానంగా చెప్పేవాణ్ణి ఎలా నమ్మడం? మా ఆయన బతికున్నన్నాళ్లూ ధవళేశ్వరం ఆనకట్ట మీద లస్కరు. గోదారి మట్టం చూసి చెప్పడం ఆయన పని. అంకె పెరిగిందంటే చాలు, నేను మూట కట్టేసేదాన్ని.

మా దేవకుమారికి ఇరవయ్యేళ్లు, రాజమండ్రి మిషను బళ్లో పంతులమ్మ. ఓరోజు మెట్లెక్కి ఆయాసపడింది. అంతే, ఆసుపత్రి నుంచి లాజరుని రోజుకి మూడుసార్లు రమ్మన్నాను. జోరు వానలోనూ గొడుగైనా లేకుండా వచ్చేవాడు. ఎంత బాధ్యత అనుకున్నాను. వీధి వీధంతా నవ్వుతుంటే, రోగం చూసి నవ్వే పాపిష్ఠి జనం అనుకున్నాను.

అంకెలు బొగ్గుతో గోడ మీద రాశాను. ప్రతి సాయంత్రం వంద దాటుతోంది!

"ఇంక లాభం లేదు. రేపే పడవెక్కించి అమలాపురం మా అన్నయ్యింటికి తీసుకుపోతాను. ఉద్యోగం మానిపిస్తాను."

"అమ్మా, నాకేం లేదే!"

"ఏం లేదన్నవాళ్లే ముందు పోతారు."

లాజరు మొహం పాలిపోయింది. "ఇది గోదారి వరద కాదండి, మా కాకినాడ సముద్రం. రోజూ పొంగుతుంది, రోజూ వెనక్కిపోతుంది. నాడీ అంతే. నిద్రలో తగ్గి, లేచాక పెరిగి, సాయంత్రానికి మరికాస్త..."

"మరికాస్తంటే వందా?"

అతను తల దించుకున్నాడు. "నిన్న సాయంత్రం బళ్లో మా ఆసుపత్రి డాక్టరు దొరసాని గారు చూస్తే డెబ్బై తొమ్మిదేనండి. గంట తర్వాత నేను పట్టుకుంటేనే..."

"ఏం, మీ చెయ్యి మంచిది కాదా?"

"మంచిదేనమ్మా," అంది దేవకుమారి గోడకేసి చూస్తూ. "అందుకే."

అప్పటికి వెలిగింది నాకు. వీధంతా ఎప్పుడో వెలిగింది కాబోలు. వెంటనే ఇంకో భయం పట్టుకుంది.

"పెళ్లయ్యాక రోజంతా వందే ఉంటే?"

"ఉండదండి. తగ్గిపోతుంది."

"ఎంత తగ్గుతుందేంటి?" అంది మా అమ్మాయి, చల్లగా.

లాజరు జేబు గడియారం తీసి చూసుకున్నాడు. ఆ మాటకి వాళ్ల ఆసుపత్రిలో మందు లేదు.

పడవ సరంగుకి రామని కబురంపాను. ఒక్కగానొక్క పిల్ల అత్తారింటికి పోతుందంటే గుండె దడదడలాడింది. గబగబా గాజులు పైకి తోసి చెయ్యి చాపాను.

"ముందు నాది చూడండి అల్లుడుగారూ. పెళ్లిదాకా ఉంటానా?"