రెండో సాక్షి

“రేపు పదకొండింటికి బోనెక్కాలి. రెండో సాక్షివి నువ్వే,” అన్నాడు ఫాకనర్ దొర, కాఫీ తాగుతూనే.

సైలస్ పెనక్ తన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లండన్‌లో, బోర్డు లేని ఆ గూఢచారి ఆఫీసులో అతనికీ పేరు లేదు. నంబర్ ఏడు, అంతే. అవతల ఫ్రాన్సులో జనం తమ రాజు తల తీసేసి రెండేళ్లు కావస్తోంది. అప్పట్నుంచీ ఇక్కడి మంత్రులకు కంటిమీద కునుకు లేదు. నలుగురు కూడి పేపరు చదువుకుంటే కుట్ర, పారిస్ మాటెత్తితే ద్రోహం. విచారణ లేకుండా మనిషిని లోపల వేసే చట్టం మే నెలలోనే వచ్చేసింది.

“ముద్దాయి ఓబడయా గార్త్. చెప్పులు కుట్టేవాడు. నేరం రాజద్రోహం. ఆధారం, పారిస్‌కు పంపిన ఉత్తరం. ఉరి వెయ్యాలంటే ఇద్దరు సాక్షులుండాలి, ఒక్కరైతే కేసు నిలవదు. మేడమ్ ఒనొరీన్ ఉంది, నువ్వున్నావు. అతను చెప్పాడు, నువ్వు రాశావు. ఇంకో ముక్క వద్దు.”

“సరే దొరా,” అన్నాడు సైలస్. ఆ ఇంకో ముక్క మూడు నెలలుగా అతన్ని తినేస్తోంది.

బడిపంతులు ఉద్యోగం ఊడి రోడ్డున పడ్డవాణ్ణి ఫాకనర్ చేరదీసి గార్త్ దుకాణంలోకి పంపాడు. చెప్పులు కుట్టేవాళ్లకో అలవాటుంది. ఒకడు పొద్దస్తమానం పేపరు పైకి చదువుతాడు, మిగతావాళ్లు కుడుతూ వింటారు, చదివేవాడి వంతు పని తలా కాస్త పంచుకుంటారు. సైలస్ వేషం అదే. పద్నాలుగు నెలలు చదివాడు. తోలు గుచ్చే ఆరె పట్టడం చేతకాని ఆ మనిషి వంతు జోళ్లన్నీ వాళ్లే కుట్టారు, ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. ఆదివారం గార్త్ ఇంట్లో రొట్టే జున్నూ పెట్టేవారు. సైలస్‌కు ఆ ఇల్లంటే ప్రాణం. ప్రాణమైన ఇంటి కబుర్లే వారం వారం మోసుకెళ్లి అమ్మాడు.

మోసిన తీరు కూడా ముచ్చటైనదే. టోపీల కొట్టు నడిపే ఫ్రెంచి సుందరి మేడమ్ ఒనొరీన్ పట్టు జోడు తెచ్చి, “ఎడమ మడమ ఊగుతోందండీ,” అనేది. అది కోడ్. మడమ లోపల డొల్ల. సైలస్ రిపోర్టు అందులో దూరేది. గార్త్ మనుషులేమో ఆమె తమ ఉత్తరాలు పారిస్‌కు చేరవేసే నేస్తమనుకునేవారు. చేరవేసేది కూడా, ముందు ఫాకనర్‌కు చూపించి.

ఏం లాభం, ఆ దుకాణంలో కుట్ర లేదు. ప్రతి మగవాడికీ ఓటు, ఏటేటా పార్లమెంటు, అంతకుమించి వాళ్లకేమీ అక్కర్లేదు. ఫాకనర్‌కు విసుగొచ్చింది. పనికొచ్చేది తే, లేదా నువ్వే రాకు అన్నాడు. ఆ వారమే గార్త్ పారిస్‌కు ఉత్తరం చెప్పి రాయించాడు. మీకు స్వేచ్ఛ వచ్చినందుకు సంతోషం, మేం నెత్తురు చిందకుండా మా హక్కు అడుగుతున్నాం, అని. సైలస్ కింద రెండు వాక్యాలు కలిపాడు. మీ సైన్యం దిగిన రోజున మా ఈటెలు సిద్ధం.

గార్త్‌కు చదువు రాదు. “ఒకసారి చదవండి మేష్టారూ,” అన్నాడు. సైలస్ ఆ రెండు వాక్యాలూ దాటేసి చదివాడు. గార్త్ తృప్తిగా తలూపి కింద ఇంటూ గుర్తు పెట్టాడు.

మర్నాడు సాక్షుల గదిలో ఒనొరీన్ నల్లపట్టు గౌనులో కూర్చుని ఉంది. ఆ రెండు వాక్యాలూ నావే, అతనివి కావని సైలస్ గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

“తెలుసులెండి. ఆ మాటలు అతని నోట్లో పట్టవు.”

“తెలిసీ సాక్ష్యం చెబుతారా?”

“పారిస్‌లో మా తమ్ముడి తల తీసిన రోజున జనం చప్పట్లు కొట్టారు. ఆ వార్త మీరు చదువుతుంటే ఆ దుకాణంలో నేనూ ఉన్నాను. మీ గార్త్ కుట్టడం ఆపలేదు.” ఆమె గ్లవ్స్ తొడుక్కుంది. “ఎవరో ఒకరు ఏడవాలి కదా సైలస్ గారూ. ఇన్నాళ్లూ నేనేడ్చాను.”

ఆమె బోనెక్కి, గార్త్ స్వయంగా తన చేతికి ఉత్తరమిచ్చాడని చెప్పి దిగింది. ఒక సాక్షి అయిపోయింది. తర్వాత సైలస్ పేరు పిలిచారు. అతన్ని చూడగానే ముద్దాయి ముఖం విప్పారింది. మేష్టారు తన తరఫున వచ్చాడనుకున్నాడు పాపం.

రాత ఎవరిదని అడిగాడు సర్కారు వకీలు. నాదే. మాటలెవరివి?

వెనక బల్ల మీద ఫాకనర్ గడియారం చూసుకుంటున్నాడు. గార్త్‌వే అంటే పింఛను, కాదంటే జైలు.

“చివరి రెండు వాక్యాలు నావి,” అన్నాడు. “అతను చెప్పలేదు. చదివి వినిపించమంటే వాటిని దాటేశాను. నేను ఆఫీసు మనిషిని. జీతానికి రాశాను.”

పన్నెండుమంది జ్యూరీ కుర్చీల్లోంచి లేవకుండానే నిర్దోషి అనేశారు. జనం గార్త్‌ను భుజాల మీదికెత్తారు. మే నెల చట్టం కింద ఇద్దరు జవాన్లు సైలస్ రెక్కలు పట్టుకున్నారు. ఫాకనర్ పక్కనుంచి వెళుతూ, ఈసారి మాటనే నేరం చేసే చట్టం తెస్తాం, అప్పుడు ఈటెలు పుట్టించే శ్రమ కూడా ఉండదు అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

గార్త్ దింపమని అడిగి దిగాడు. సైలస్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాడు సైలస్. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాడు.

“మేష్టారూ, పద్నాలుగు నెలలు చదివారు. మేం విన్నదాన్నే నమ్మి బతికాం,” అన్నాడు గార్త్ నెమ్మదిగా. “ఆ పేపర్లలో ఇంకా ఏమేం దాటేశారు?”

“ఏమీ లేదన్నా. ఆ రెండే.”

గార్త్ కాసేపు చూసి, గుంపులోకి వెళ్లిపోయాడు. నంబర్ ఏడు తన ఉద్యోగ కాలం మొత్తంలో నలుగురి ముందు చెప్పిన నిజాలు రెండు, రెండూ ఆ పూటే చెప్పాడు. మొదటిదాన్ని ముక్కూమొహం తెలియని పన్నెండుమంది నమ్మారు. రెండోదాన్ని నమ్మాల్సినవాడు ఒక్కడే.