పద్మ పేనిన వైరు

కాశిబుగ్గలో మధ్యాహ్నం అన్నాల వేళకు మగ్గాల చప్పుడు ఆగేది. మా ఆయన సారంగపాణి మగ్గం గుంటలోంచి లేచి, చేతులైనా కడుక్కోకుండా రికార్డు పెట్టేవాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం అది. రికార్డు ప్లేయరు, దాని పాట అందుకునే చిన్న పెట్టె ప్రీయాంప్, పాటను పెంచే పెద్ద పెట్టె ఆంప్లిఫయర్, అన్నీ ఆయనే కూర్చుకున్నాడు.

ఆ రెండు పెట్టెలను కలిపే వైరు మాత్రం పద్మ పేనింది. ఆయన మొదటి పెళ్లాం. నేను రాకముందే పోయింది. రాగి తీగలు పేని, మీద ఎర్రటి పట్టుపోగు చుట్టింది. ఆ వైరుతో పాట వెనక గుయ్‌మని ఒకటే మోత. పాట అయిపోయినా ఆయన స్పీకరుకు చెవి ఆనించి ఆ మోత వింటూ కూర్చునేవాడు. పెదవులు కదిలేవి... నాతో అంతసేపు ఎన్నడూ మాట్లాడలేదు.

"ఆ వైరు మార్చరాదు?" అన్నాను.

"దాన్ని ముట్టకు."

రెండో పెళ్లాన్ని గనుక చచ్చిపోయినామె పేరున బిళ్ల నా పుస్తెల పక్కనే మోస్తున్నాను. అది చాలదా? ఆయన చెవి కూడా ఆమెకేనా?

మట్టెవాడలో రేడియోలు బాగుచేసే వెంకట్రాజం దగ్గరికి పోయాను.

"ఏందొదినా, అన్నను ఇంట్ల కట్టేసి నువ్వొచ్చినవా?" అని నవ్వాడు.

"మోత రావద్దు. మంచి వైరియ్యి."

కొన్ని వైర్లు ముందు పడేసి, ఒకటి చీల్చి చూపాడు. నడుమ సన్నటి తీగ, దాని చుట్టూ జల్లెడలా అల్లిన రాగి. "షీల్డు వైరు. బయటిది లోపలికి రాదు. లోపలిది బయటికి పోదు. ఫికర్ లేదు."

అదే కావాలన్నాను.

ఆయన పెరట్లో స్నానం చేస్తుండగా ఎర్ర వైరు పీకాను. వెచ్చగా ఉంది. కొబ్బరినూనె వాసన... అప్పుడే దువ్విన జడ వాసన. మండుతున్న పొయ్యిలో వేసి, కొత్తది పెట్టి స్విచ్చి వేశాను.

మోత లేదు.

ఆయన తడి ఒంటితో వచ్చి గుమ్మంలో ఆగాడు. రికార్డు ఇంకా పెట్టనేలేదు. అయినా స్పీకరులోంచి స్పష్టంగా...

"ఓ అయ్యా..."

నా గొంతు.

నా నోరు మూసే ఉంది.

"ఓ అయ్యా... ఇటు రారాదు... నేనీడున్న..."

ఆయన స్పీకరు దగ్గరికి పోలేదు. నా దగ్గరికి వచ్చాడు. ఎన్నడూ లేనంత మెత్తగా చెయ్యి పట్టుకున్నాడు.

"పద్మా..." గుసగుసగా అన్నాడు. "పెట్టెల ఎవరో ఏడుస్తాంది. ఎవరామె?"

నేనే అనబోయాను. పేరు చెప్పబోయాను. నోరు తెరిచాను... ఆ పేరు రాలేదు.

ఇప్పుడు ముసలిదాన్నయ్యాను. ఏది మరిచిపోతానోనని రోజూ అన్నీ తడుముకుంటాను. వెంకట్రాజం నవ్వు గుర్తుంది. మా అమ్మ సమ్మమ్మ గుర్తుంది. రఘునాథపల్లిలో చేను గట్టు మీద నిలబడి, చేతులు నోటికి ఇరువైపులా పెట్టుకుని నన్ను పిలుస్తుంది. పెదవులు కదులుతాయి.

ఏమని పిలుస్తుందో వినిపించదు.